ఏడుపు మీద పాట

మా పేటలో ఎవరైనా చనిపోతే మొదటి ఫోను చర్చి అయ్యగారికి వెళ్తుంది, రెండోది నాకు. ఆయన ప్రార్థన చెయ్యాలి, నేను పాట ఎత్తుకోవాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. నాగాయలంక చుట్టుపక్కల రూతమ్మ అంటే ఏ రూతమ్మ అని అడుగుతారు గానీ, పాటల రూతమ్మ అంటే ఇంటిదాకా తీసుకొచ్చి మరీ దింపుతారు. అంగన్‌వాడీ టీచరుగా నేను ఎంతమంది పిల్లలకు అన్నం తినిపించానో ఎవరికీ గుర్తు లేదు. ఎవరి చావుకి ఏ పాట పాడానో మాత్రం అందరికీ గుర్తే.

మా పద్ధతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. మనిషిని పెట్టెలో పడుకోబెట్టాక ఆడవాళ్ళం చుట్టూ చాపలు వేసుకుని కూర్చుంటాం. పోయినవాళ్ళ తల్లికో భార్యకో ఏడుపు పొంగుకొచ్చి గొంతు పైకి లేస్తే, ఆ గొంతుకంటే పైన పాట అందుకోవాలి. అందుకునేది నేను. మిగతావాళ్ళు కలుస్తారు. నాలుగు చరణాలు అయ్యేసరికి ఏడ్చే మనిషి అలిసిపోయి వెక్కిళ్ళలోకి దిగుతుంది. మళ్ళీ లేస్తే మళ్ళీ పాట. మనం విశ్వాసులం, రేపన్నది లేనివాళ్ళలా గుండెలు బాదుకోకూడదు, మన చావింట్లో వినబడాల్సింది పాటే అని మా అత్తగారి కాలం నుంచీ ఉన్న మాట. నాకు ఆ పని బాగా వచ్చు. మనిషి ఊపిరి తీసుకునే తీరు చూసి, ఇదిగో ఇప్పుడు ఏడుపు వస్తుంది అని ముందే చెప్పగలిగేదాన్ని. ఏడుపు నోట్లోంచి బయటికి రాకముందే నా పాట మొదలయ్యేది. చూసినవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. నేను కూడా నన్ను మెచ్చుకునేదాన్ని.

ఏడుపంటే నాకు మొదటినుంచీ పడదు. దివిసీమ ఉప్పెన నాటికి నాకు తొమ్మిదేళ్ళు. తమ్ముళ్ళిద్దరూ ఆ నీళ్ళలో పోయారు. మా అమ్మ ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది, పదకొండేళ్ళూ ఏడ్చింది. క్రిస్మస్ వచ్చిందంటే మరీను. ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని చర్చికి వెళ్తుంటే మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఇద్దరి పేర్లూ పిలుస్తూ రాగం తీసేది. నేను చెవులు మూసుకుని, గొంతు చించుకుని సండేస్కూలు పాటలు పాడేదాన్ని. నా గొంతు పెద్దదవడానికి అదే కారణమని మా ఆయన వేళాకోళం చేసేవాడు.

ఇప్పుడు ప్రభావతి సంగతికి వస్తాను. ఆమె నా తోడికోడలు, మా మరిది నాగబాబు భార్య. మా ఆయన పేరు డేవిడ్ రాజు, ఆయన తమ్ముడి పేరు నాగబాబు. ఇదేం వరస అని అడిగేవాళ్ళకు మా అత్తగారి గుట్టు చెప్పాలి. మా ఆయన తరవాత పుట్టినవాళ్ళు వరసగా దక్కకపోతే ఆవిడ ఎవరికీ తెలియకుండా మోపిదేవి వెళ్ళి సుబ్బరాయుడికి మొక్కుకుని వచ్చిందట. ఆ కాలపు అయ్యగారికి ఈ సంగతి చివరిదాకా తెలియనివ్వలేదు. ఆ నాగబాబుకి ఒక్కడే కొడుకు, ఆనంద్. మా రెండిళ్ళకీ మధ్య గోడ లేదు, ఒక మునగచెట్టు ఉంది, అంతే. వాడు సగం మా ఇంట్లోనే పెరిగాడు.

ఆనంద్ రొయ్యల చెరువు మీద కాపలా పని చేసేవాడు. పోయిన జూలైలో ఒక తెల్లవారుజామున, వానలో, నీళ్ళలోకి గాలి ఎక్కించే మోటారు ఆగిపోతే చూడటానికి దిగాడు. కరెంటు కొట్టింది. ఇరవై మూడేళ్ళు వాడికి.

ఆ రోజు ప్రభావతి పొద్దుటినుంచీ ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. నాగబాబు నేల మీద పడి దొర్లుతున్నా ఆమె గోడకి ఆనుకుని అలాగే కూర్చుంది. మూత వెయ్యడానికి నలుగురు వచ్చేసరికి ఉన్నట్టుండి లేచింది. పెట్టె అంచు రెండు చేతులతో పట్టుకుని వంగి, "నాన్నా" అంది. గుండెల నిండా ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి నాకు తెలుసు. తెలుసుననుకున్నాను. ఇక కట్ట తెగినట్టేనని వెంటనే పాట ఎత్తుకున్నాను. ముప్పై మంది ఆడవాళ్ళు అందుకున్నారు. ప్రభావతి పెదాలు కదులుతూనే ఉన్నాయి, మాట మాత్రం నాకే కాదు, పక్కనున్నవాళ్ళకు కూడా వినబడలేదు. రెండో చరణంలో తల తిప్పి నా వైపు చూసింది. నేను కళ్ళు మూసుకుని పాడుతున్నానని అందరూ అనుకుని ఉంటారు. లేదు, నేను చూశాను. చూసి, ఇంకాస్త గొంతు పెంచాను. నాలుగో చరణం అయ్యేలోపు మూత వేసేశారు.

రూతమ్మగారు లేకపోతే ఆ తల్లి అక్కడే పడిపోయేదండీ అని అయ్యగారు ఆ సాయంత్రం మా ఆయనతో అన్నారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ తరవాత ప్రభావతి చర్చికి రావడం మానేసింది. ఆనంద్ పేరున పెట్టిన ఆదరణ కూడికకు వచ్చి ఒక మూల కూర్చుంది, అదే ఆఖరు. మొదట్లో నేనే వెళ్ళి ఆదివారం వస్తావా అని అడిగేదాన్ని. వస్తానక్కా అనేది, వచ్చేది కాదు. నాలుగు ఆదివారాలు చూసి నాకు ఒళ్ళు మండింది. నేను ఇద్దరు తమ్ముళ్ళను పోగొట్టుకున్నదాన్ని కాదా, నేను పాడలేదా అనుకున్నాను. చర్చి స్త్రీల సమాజంలో ఎవరో ఆమె ప్రస్తావన తెస్తే, "దుఃఖాన్ని విగ్రహం చేసుకుని పూజిస్తోంది" అని పెద్ద ఆధ్యాత్మికురాలిలా ఒక మాట అన్నాను. పేటలో మాట ఎంతసేపు ఆగుతుంది? సాయంత్రానికి మునగచెట్టు దాటి వెళ్ళిపోయింది. మర్నాటినుంచి ప్రభావతి నాతో మాట్లాడటం తగ్గించింది. నేను తప్పు చేశానని అప్పుడు కూడా అనిపించలేదు. నిజం చెబితే నిష్ఠూరమని సరిపెట్టుకున్నాను.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. అక్టోబరులో మా ఆయన పోయాడు. గుండె నొప్పి అన్నాడు, అవనిగడ్డ తీసుకెళ్ళాం, అక్కడినుంచి బందరు తీసుకెళ్ళమన్నారు. బందరు చేరలేదు.

ఆయన్ని ఇంటి ముందు పెట్టెలో పడుకోబెట్టారు. తెల్లచొక్కా వేశారు. ఎవరు వేశారో గానీ మెడ దగ్గర పై బొత్తాం కూడా పెట్టేశారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆ బొత్తాం ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. మా పెళ్ళిలో కూడా పెట్టుకోలేదు, మెడ బిగిస్తే ఊపిరాడదనేవాడు. నేను చాలాసేపు ఆ బొత్తాం వైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరో ఒకరు తీస్తారులే అనుకున్నాను. ఎవరూ తియ్యలేదు. మూత తెస్తుంటే ఇక ఆగలేక, ఆ బొత్తాం తియ్యండి అని చెప్పడానికి లేచాను. నోరు తెరిచాను, గొంతు వణికింది. అంతే, నా వెనకాల అచ్చమ్మ పాట ఎత్తుకుంది.

అచ్చమ్మ నా శిష్యురాలు. ఊపిరి చూసి పట్టుకోవడం నేనే నేర్పాను. నేను చెయ్యి ఊపాను, బొత్తాం అన్నాను, ఆయన మెడ చూపించాను. ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చెరో రెక్కా పట్టుకుని, ఊరుకో అక్కా, ప్రభువు ఉన్నాడు అంటూ పాడుతూనే వెనక్కి లాగారు. ముప్పై గొంతులు. వాటి ముందు నా ఒక్క గొంతు ఎంత? అంత పెద్ద గొంతు నాది, అయినా వినబడలేదు. అందరూ పాడుతున్నారు, ఒక్క ప్రభావతి తప్ప. గుమ్మం పక్కన నిలబడి నన్నే చూస్తోంది. ఆమె ఒక్కతికే నేను ఏడవడం లేదని, ఏదో చెప్పబోతున్నానని తెలిసినట్టుంది. ఆమె పెట్టె వైపు ఒక అడుగు వేసింది కూడా. ఈలోగా మూత పడింది.

ఆయన ఆ బొత్తాంతోనే మట్టిలోకి వెళ్ళాడు. ఇది చిన్న విషయమని నాకూ తెలుసు. ఆయనకు ఇప్పుడు ఊపిరితో పని లేదని కూడా తెలుసు. అయినా రెండు నెలలుగా అన్నం ముందు కూర్చుంటే మెతుకు దిగదు. ఆ రెండు నెలల్లో నేను ఒక్క పాట పాడలేదు. జూలైలో ప్రభావతి తీసుకున్న ఊపిరి ఏడుపుది కాదేమో అన్న అనుమానం నాలో మొదలైంది. మొదలైనదాన్ని ఎంత తోసేసినా పోలేదు.

డిసెంబరు వచ్చింది. ఇళ్ళకు సున్నాలు వేశారు, నక్షత్రాలు కట్టారు. సాయంత్రాలు కుర్రకారు డోలకు పట్టుకుని ఇల్లిల్లూ పాడుకుంటూ తిరుగుతున్నారు. మా రెండిళ్ళ ముందుకు వచ్చేసరికి గొంతు తగ్గించి గబగబా దాటిపోతున్నారు. చావు జరిగిన ఇల్లు కదా, గౌరవం. గుడివాడలో ఉన్న మా అమ్మాయి వెన్నెల, పండక్కి ఇక్కడికి వచ్చెయ్యమ్మా అని రోజూ ఫోను. పండగ వెళ్ళాక చూద్దాంలే అన్నాను. ప్రభావతిని ఒక మాట అడగకుండా, ఆమెతో ఒక మాట అనకుండా ఎక్కడికీ కదలకూడదని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. పండగలోపు ఆమె దగ్గర క్షమాపణ అడగాలి. అడగకపోతే ఆ పండగ పూట ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె ముట్టుకునే ముఖం నాకు లేదు.

ఇరవై మూడో తారీఖు ఉదయం అయ్యగారు వచ్చారు. క్రిస్మస్ ఆరాధనలో పాటలు నేనే నడిపించాలన్నారు. ఆ ఏడు పోయినవాళ్ళ సమాధుల దగ్గరికి ఆరాధన అయ్యాక అందరం పాడుకుంటూ వెళ్ళి పూలు పెట్టడం మా ఆనవాయితీ. ఈ ఏడు రెండే సమాధులు, రెండూ మా ఇంటివే. మీరు ముందు నిలబడి పాడితే అది గొప్ప సాక్ష్యం అవుతుందన్నారు. మీ తోడికోడల్ని కూడా తీసుకురండి, మీ మాట కాదనదు అన్నారు. పాపం, మంచి మనిషే. అలాగేనండీ అన్నాను.

ఆ మధ్యాహ్నం మునగచెట్టు దాటాను. ప్రభావతి వసారాలో కూర్చుని చేటలో ఎండు రొయ్యలు పోసుకుని తలా తోకా గిల్లుతోంది. కూర్చోమని పీట జరిపింది. నేనూ చెయ్యి కలిపాను. కాసేపు రొయ్యల గురించే మాట్లాడుకున్నాం, ఈసారి ఇసక ఎక్కువుందని, చెరగాలని. ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఊళ్ళో ఎవరి దుఃఖానికైనా సరిపడా మాటలు నా దగ్గర ఉండేవి. ఇక్కడ ఒక్కటీ పనికి రాలేదు.

చివరికి, "ప్రభావతీ, ఆ రోజు నిన్ను ఏడవనివ్వలేదు. తప్పు నాదే" అన్నాను.

ఆమె గిల్లడం ఆపలేదు. "ఏడవడానికి లేవలేదక్కా నేను. వాడికి ఒక మాట చెప్పాలని లేచాను."

తరవాత మెల్లగా చెప్పుకొచ్చింది. ముందురోజు సాయంత్రం ఆనంద్‌కి ఒళ్ళు వెచ్చగా ఉంది. పనిలోకి వెళ్ళనన్నాడు. మగపిల్లాడివి, ఈపాటి జ్వరానికి మంచం ఎక్కుతావా, ఓనరు ఇంకొకణ్ణి పెట్టుకుంటే మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది పని అని ఈమె సాధించింది. మాత్ర వేసింది. క్యారేజీ చేతిలో పెట్టింది. రెయిన్‌కోటు తనే తొడిగింది. వాడు గడప దిగి వెనక్కి తిరిగి, అమ్మా, ఈ ఒక్క పూట అన్నాడు. ఈమె తలుపు వేసుకుంది.

"నేనే పంపానురా, నువ్వు వద్దన్నా పంపానురా అని వాడి మొహం చూసి చెప్పాలనుకున్నా. అందరి ముందూ చెప్పి, ఎవరేమంటే అది పడదామనుకున్నా. నోరు తెరిచాను. నువ్వు పాట ఎత్తుకున్నావు."

నా చేతిలో రొయ్య ఎక్కడ పడిపోయిందో తెలియదు. నాగబాబుకి తెలుసా అని అడిగాను. తెలియదంది. ఆయన రోజూ అన్నం దగ్గర కూర్చుని చెరువు ఓనర్ని తిడతాడు, తీగలు సరిగ్గా ఉంచలేదని శాపాలు పెడతాడు. ఆమె కూర వడ్డిస్తూ వింటుంది. ఆ పూట పదిమందిలో అనేసి ఉంటే అనేసినట్టే ఉండేది, ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదంది. చర్చిలో పాట మొదలైతే తన గొంతు ఎవరో మూసినట్టు ఉంటుందని, అందుకే రావడం లేదని కూడా చెప్పింది. నేను ఆమెను విగ్రహారాధకురాలిని చేసి నలుగురిలో కూర్చోబెట్టాను.

చెప్తూ చెప్తూ ఉండగా ఆమె ఊపిరి మారింది. చేట పక్కన పెట్టింది. ఈసారి నిజంగానే ఏడుపు, అయిదు నెలల నాటిది. మొహం ముడుచుకుపోయింది, భుజాలు ఊగాయి, గొంతులోంచి సన్నగా ఒక రాగం బయటికొచ్చింది. మా అమ్మ పొయ్యి దగ్గర తీసిన రాగమే అది. అప్పుడు నేను ఏం చేశానో వినండి. పాట ఎత్తుకున్నాను.

నేను ఎత్తుకోలేదు, నా నోరు ఎత్తుకుంది అని చెప్పుకుంటే సులువే. నోరు ఎవరిది? క్షమించమని అడగడానికి వెళ్ళిన మనిషిని, మొదటి లైను మొత్తం పాడాను. ప్రభావతి ఏడుపు ఆగిపోయింది. చెంగుతో ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది. నేను నాలుక కరుచుకున్నాను.

"పాడక్కా, ఫర్వాలేదు" అంది. "నీకు ఏడుపంటే భయం. మాకోసం కాదు నువ్వు పాడేది. అంతమంది చావుల్లో చూశాను, నాకు తెలుసు. పాడుకో."

వెటకారంగా అని ఉంటే బాగుండేది. చీకటికి జడిసే పిల్లకు చెప్పినట్టు చెప్పింది. నేను లేచి ఇంటికి వచ్చేశాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్ని పెట్టెల దగ్గర, ఎంతమంది ఏం చెప్పబోయారో అని ఆ సాయంత్రమంతా వరసగా ముఖాలు గుర్తు చేసుకున్నాను. భర్త చెవిలో ఏదో చెప్పబోయిన ముసలమ్మ ఉంది. చంటిబిడ్డ పెట్టెలోకి చెయ్యి చాపిన పదిహేడేళ్ళ పిల్ల ఉంది. ఇద్దరి దగ్గరా నేను బాగా పాడానని పేరొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, ఇక్కడ కాలినవి నా చేతులు కూడా కావు.

మర్నాడు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే ప్రభావతే వచ్చింది. రేపు అందరూ ఆరాధనలో ఉన్నప్పుడు ఆనంద్ దగ్గరికి వెళ్తానని, చెప్పాల్సింది చెప్పి వస్తానని అంది. నన్ను కూడా రమ్మంది.

"నువ్వు గేటు దగ్గర నిలబడితే చాలక్కా. నేను ఉన్నంతసేపూ ఎవరూ పాడకుండా చూడు. వేరేవాళ్ళు చెబితే ఆగరు. నువ్వు చెబితే ఆగుతారు."

అలాగేనన్నాను. అప్పుడే అచ్చమ్మకు ఫోను చేసి రేపు పాటలు నువ్వు చూసుకో అన్నాను. అయ్యగారికి కూడా నేనే చెప్పాను. క్రిస్మస్ రోజు మీరే రాకపోతే విశ్వాసులు ఏమనుకుంటారండీ అన్నారు. ఏమనుకుంటే అదేనండీ అన్నాను. నేను ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు.

క్రిస్మస్ ఉదయం పేటంతా తెల్లచీరలూ కొత్త చొక్కాలూ చర్చి వైపు వెళ్ళాయి. నాగబాబు కూడా వెళ్ళాడు, పోయిన ఏడాది కొడుకు కొనిచ్చిన ప్యాంటు వేసుకుని. జనం సద్దుమణిగాక మేమిద్దరం కాలవ గట్టు మీదుగా సమాధుల దొడ్డికి నడిచాం. ప్రభావతి పూలు తీసుకురాలేదు, కొవ్వొత్తి తీసుకురాలేదు. గేటు దగ్గర నన్ను వదిలి లోపలికి వెళ్ళి, ఆనంద్ సమాధి పక్కన మట్టిలోనే చతికిలబడింది.

నాకు ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. మాట వినబడదు. వినకూడదని కూడా అనుకున్నాను. అక్కడికి నాలుగు వరసల అవతలే మా ఆయన ఉన్నాడు. వెళ్ళి కాసేపు కూర్చోవాలని ప్రాణం లాగింది. కానీ గేటు వదిలితే ఎలా? అక్కడినుంచే ఆయన వైపు చూస్తూ నిలబడ్డాను. చర్చి మైకులో పాటలు గాలికి వచ్చి పోతున్నాయి. అచ్చమ్మ శ్రుతి ఒక మెట్టు ఎక్కువ పట్టింది, మూడో చరణానికి అందరూ రొప్పుతారు అనుకున్నాను. అనుకున్నట్టే అయింది. ఈ బుద్ధి చచ్చినా పోదు కాబోలు.

ప్రభావతి చెప్తూనే ఉంది. మధ్యలో చెయ్యి ఎత్తి తిప్పుతోంది, బతికున్నవాడితో వాదించినట్టు. ఒకసారి తల నేలకు ఆనించి చాలాసేపు లేవలేదు. ఆమె ఏడుపు ఈసారి గేటు దాకా వినబడింది. నేను ఇనప చువ్వలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. నోరు గట్టిగా బిగించుకున్నాను. చెవులు మూసుకోలేదు. అంతకుమించి నేను చేసిందేమీ లేదు.

ఆరాధన ముగిసింది. గట్టు మీద జనం కనిపించారు. ముందు అయ్యగారు, పక్కన పూల పళ్ళెంతో అచ్చమ్మ, వెనక నాగబాబూ ఊరూ. డోలకు వాయిస్తూ పాడుకుంటూ వస్తున్నారు. నేను ఎదురెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

"పాట ఆపండి" అన్నాను.

అచ్చమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. పాట ఒక్కొక్క గొంతులోంచీ రాలిపోయింది. అయ్యగారు దగ్గరికి వచ్చి ఏమైందని మెల్లగా అడిగారు. ప్రభావతి కొడుకుతో మాట్లాడుతోందని, అయ్యేదాకా ఆగుదామని చెప్పాను. ఆయన ఇబ్బంది పడ్డారు. పోయినవాళ్ళతో మాట్లాడటం మన విశ్వాసం కాదు కదండీ రూతమ్మగారూ అన్నారు. కాదని నాకూ తెలుసండీ, ఆ పాఠం సండేస్కూల్లో చెప్పేది నేనే కదా అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు గానీ ఆగిపోయారు. నాగబాబు జనాన్ని తోసుకుంటూ గేటు వైపు పోబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఏంటొదినా, ఏం చెప్తోంది అది వాడికి అని అడిగాడు. తనే చెప్తుంది, అప్పుడు నువ్వు తిట్టకుండా విను అన్నాను. అతను నా మొహంలోకి చూసి అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు.

ఎనభై మంది దాకా ఉంటాం. పండగ బట్టల్లో ఎండలో నిలబడ్డాం. దొడ్డిలోంచి ఆమె ఏడుపు ఒక్కటే వినబడుతోంది. కొందరు ఆడవాళ్ళు తల దించుకున్నారు. అచ్చమ్మ పళ్ళెం పట్టుకునే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా పేటలో ఒక తల్లి ఏడుపు మొదటినుంచి చివరిదాకా అంతమందీ వినడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఎంతసేపటికో అది దానంతట అదే ఆగింది. ప్రభావతి లేచింది. చీరకంటిన మట్టి దులుపుకుంది. గేటు దాటి వచ్చి, అంతమందిని చూసి కొంచెం తడబడింది. నేను దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడైనా క్షమాపణ అడగాలని నా ఆత్రం. ఒక మంచి మాట వింటే వచ్చే ఆదివారమైనా నేనూ రొట్టె ముట్టుకోవచ్చని ఆశ.

"చెప్పావా?" అని అడిగాను.

"చెప్పాను" అంది. మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా. "అంతా చెప్పాను. ఆ రోజైతే వాడి మొహం కనబడేదక్కా."

అందులో కోపం లేదు. ఉన్నమాట చెప్పింది. అడగాలనుకున్నది నా నోట్లోనే ఉండిపోయింది. ఆమె నన్ను దాటి వెళ్ళి, గట్టు మీద కూర్చున్న మొగుడి పక్కన కూర్చుంది.

అయ్యగారు నా వైపు చూసి, ఇక పాడుకోవచ్చా అన్నట్టు తల ఊపారు. అచ్చమ్మా, మిగతావాళ్ళూ కూడా నా నోటి వైపే చూస్తున్నారు. నేను వాళ్ళను అక్కడే వదిలి, మా ఆయన ఉన్న వరస వైపు నడిచాను.